షామోనీ కొండ ఊళ్లో కొన్నాళ్లు ఉండాలని ఉంది: అరవై దాటినవారికి అక్కడి నడక సాధ్యమేనా?

కావలి పంతులు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మాది కావలి. ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మా అమ్మాయి ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఉద్యోగం చేస్తున్నది. వచ్చే వేసవిలో నన్నూ, వాళ్లమ్మనూ అక్కడికి రమ్మని పట్టుబడుతున్నది. ప్యారిస్ చూపిస్తానంటున్నది గానీ మా ఇద్దరికీ పెద్ద నగరాలమీద అంత మోజు లేదు. ఆల్ప్స్ పర్వతాలలో, మాంట్ బ్లాంక్ పాదం దగ్గర, షామోనీ అనే చిన్న ఊరు ఉన్నదనీ, అక్కడి కొండదారుల్లో నడవడానికే ఎక్కడెక్కడి జనమో వస్తారనీ పిల్లలకు చెప్పడమే తప్ప నేను చూసింది లేదు. వెళితే ఆ ఊరికే వెళ్లి నిలకడగా కొన్నాళ్లు ఉందామని నా కోరిక. అమ్మాయి మాత్రం, అది ఒక్క రోజులో చూసి వచ్చేయగల చోటేనని, రోప్‌వే ఎక్కి పైదాకా వెళ్లి దిగితే చూడవలసినదంతా చూసినట్టేనని అంటున్నది.

మేమిద్దరమూ అరవై దాటినవాళ్లమే. తెల్లవారుజామున సముద్రం వైపు నడవడం మాకు అలవాటు కాబట్టి సమతలం మీద ఎంత దూరమైనా ఇబ్బంది లేదు. కాని మా ఆవిడకు మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు నొస్తాయి. నాకు రక్తపోటు ఉంది, మాత్రలతో అదుపులోనే ఉన్నది. ఇద్దరమూ శాకాహారులం, గుడ్డు కూడా తినము. ఏ నెలలో వెళ్లాలి, ఏ దారులు మాకు తగినవి, ఏవి మా వల్ల కానివి, అసలు అమ్మాయి చెప్పినట్టు ఒక్క రోజు చాలునా అన్నవి నా సందేహాలు. వెళ్లి వచ్చినవారు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పగలరని ప్రార్థన.

ఒంగోలు బాటసారి (జవాబు):

పంతులు గారూ, మా అబ్బాయి జెనీవాలో ఉన్నప్పుడు షామోనీలో ఒక వేసవి గడిపే అవకాశం మాకు కలిగింది. ఒక్క రోజు చాలదని మొదటే చెప్పేస్తాను. అక్కడ కొండ కనబడటం, కనబడకపోవడం మేఘం ఇష్టం. జూలై, ఆగస్టు నెలల్లో పొద్దున ఆకాశం తేటగా ఉండి, మధ్యాహ్నం తిరిగేసరికి మబ్బు కమ్ముకొని, సాయంత్రానికి ఉరుములతో వాన పడటం సాధారణం. లియోన్ నుంచి రైల్లో పొద్దున బయలుదేరినవారు మధ్యాహ్నానికి గాని ఊళ్లో దిగరు. అంటే మంచి వేళ అంతా ప్రయాణంలో పోగొట్టుకొని, మబ్బు వేళకు పెద్ద టికెట్టు కొని పైకెక్కి, తెల్లటి పొగను చూసి దిగి రావడమవుతుంది. కనీసం నాలుగైదు రాత్రులు అక్కడ ఉంటేనే తేట రోజును ఎంచుకొని నడిచే వీలు చిక్కుతుంది.

ఊరి అమరిక ముందుగా మనసులో పెట్టుకోండి, తరువాత దారుల సంగతి సులువుగా తెలుస్తుంది. షామోనీ సముద్రమట్టానికి 1035 మీటర్ల ఎత్తున, ఆర్వ్ నది పారే ఇరుకైన లోయలో ఉన్నది. లోయకు ఒక పక్క మాంట్ బ్లాంక్, దాని చుట్టూ సూదుల్లాంటి శిఖరాలు, వాటి నడుమ హిమానీనదాలు ఉంటాయి. ఎదురు పక్కన ఎగ్వీ రూజ్ అనే ఎర్రరాళ్ల కొండల వరుస ఉంటుంది. మాంట్ బ్లాంక్‌ను కళ్లారా చూడాలనుకునేవారు మాంట్ బ్లాంక్ మీదికి కాదు, ఎదుటి వరుస మీదికి వెళ్లాలి. ఒక్క రోజు యాత్రికులు చాలామంది ఇది గమనించక మొదటి వైపే ఎక్కి వచ్చేస్తారు. రెండు వైపులా కొండ నడుము ఎత్తులో, లోయకు సమాంతరంగా, బాల్కనీ దారులని పిలిచే కాలిబాటలు ఉన్నాయి. మీ వంటివారికి షామోనీ అంటే ఈ నడుము దారులే. పైకెక్కే కష్టాన్ని రోప్‌వే తీసుకుంటుంది. నడకలో ఎక్కుడు దిగుడు తక్కువ, చూపు మాత్రం పుష్కలం.

మొదటి ఒకటి రెండు రోజులు ఊరు దాటి ఎక్కువ ఎత్తుకు పోవద్దు. నది ఒడ్డున దేవదారు చెట్ల నీడలో సమతలపు బాటలు ఉన్నాయి. ఎగ్వీ రూజ్ వైపు అడవిలో, కింది ఎత్తున సాగే చిన్న బాల్కనీ దారి మీద ఫ్లోరియా అనే పాత చెక్క విశ్రాంతి గృహం ఉంటుంది. వేసవిలో దాని ముంగిలి నిండా పూలకుండీలే. ఊళ్లోంచి నెమ్మదిగా ఎక్కినా గంటన్నరలోపే చేరవచ్చు. మీ ఆవిడగారి మోకాళ్లకు పరీక్ష అక్కడే పెట్టండి. దిగి వచ్చిన మర్నాటి పొద్దుటికి నొప్పి లేకపోతే మిగతావి ఆలోచించవచ్చు.

అటుపైన నేను చెప్పే దారి ఒకటే, మిగిలినవన్నీ దాని తరువాతే: ప్లాన్‌ప్రా నుంచి ఫ్లెజేర్ దాకా సాగే దక్షిణపు పెద్ద బాల్కనీ. ఊళ్లోంచి రోప్‌వేలో సుమారు 2000 మీటర్ల ఎత్తున ఉన్న ప్లాన్‌ప్రాకు ఎక్కి, అక్కడినుంచి కొండ వాలు వెంబడి రెండు రెండున్నర గంటలు నడిచి, 1877 మీటర్ల ఎత్తున ఉన్న ఫ్లెజేర్‌కు చేరి, అక్కడి రోప్‌వేలో దిగిపోవచ్చు. దారి పొడవునా కుడివైపున మాంట్ బ్లాంక్ వరుస అంతా, మేర్ ద గ్లాస్ హిమానీనదం వంపుతో సహా, ఎదురుగా నిలబడి ఉంటుంది. నడుమ కొన్ని చోట్ల రాళ్లు ఎక్కి దిగాలి గాని భయపడవలసినది లేదు. అయితే చివరి రోప్‌వే ఎన్ని గంటలకో పొద్దునే అడిగి రాసుకోండి. అది తప్పిపోతే ఎనిమిది వందల మీటర్లకు పైగా కాలినడకన దిగాలి, మోకాళ్ల నొప్పి ఉన్నవారికి అంతకన్నా శిక్ష లేదు.

లాక్ బ్లాఁ అనే సరస్సు గురించి అందరూ చెబుతారు. ఫ్లెజేర్ నుంచి 2352 మీటర్ల ఎత్తుకు, అంటే సుమారు 475 మీటర్లు ఎక్కాలి. పైకి రెండు గంటలు పడుతుంది. మనవాళ్లు అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే ఎత్తుతో పోలిస్తే ఇది తక్కువే. కాబట్టి అలిపిరి మెట్లు నడిచి ఎక్కగలిగితే ఊపిరికి ఇబ్బంది ఉండదు. కాని తిరుమల నుంచి బస్సులో దిగుతాము, సరస్సు దగ్గర బస్సు లేదు. వచ్చిన రాళ్ల దారినే దిగాలి. అందుకని అది మీకు ఫరవాలేదనిపించినా మీ ఆవిడగారికి వద్దనే అంటాను. జూన్ చివరిదాకా, ఒక్కొక్క ఏడు జూలై మొదటి వారాల్లో కూడా, ఆ దారిలో మంచు మిగిలే ఉంటుంది. ఆ కొండలన్నీ 1974లో ఏర్పడిన ప్రకృతి రక్షిత ప్రాంతం కింద ఉన్నాయి. పూలు కోయడం నిషేధం. కొమ్ములు వెనక్కి తిరిగిన ఐబెక్స్ అనే కొండమేకలు దారి పక్కనే తాపీగా మేస్తూ కనబడతాయి, వాటికి తినుబండారాలు పెట్టకూడదు.

నెల విషయానికి వస్తే, సెప్టెంబరు మొదటి పక్షం ఉత్తమం. రోప్‌వేలు ఇంకా నడుస్తుంటాయి, ఉరుముల వానలు తగ్గుతాయి, జనం పలుచబడతారు. ఆగస్టు చివరి వారంలో మాత్రం వెళ్లకండి. మాంట్ బ్లాంక్ చుట్టూ సుమారు 170 కిలోమీటర్ల పరుగు పందెం అప్పుడే జరుగుతుంది, ఊళ్లో గది దొరకడమే గగనం.

ఇక మీ అమ్మాయి చెప్పిన రోప్‌వే, 3842 మీటర్ల ఎగ్వీ ద్యు మిదీకి వెళ్లేది. నన్నడిగితే అది లేకపోయినా షామోనీకి లోటు లేదు. వరుసలో నిలబడి, తోపులాటలో ఎక్కి, పైన చలికి వణుకుతూ ఫొటోలు తీసుకొని దిగడమే ఎక్కువమందికి మిగిలేది.

నెల్లూరు వైద్యుడు (జవాబు):

పంతులు గారి ఆరోగ్య ప్రశ్నలకు మాత్రమే నేను జవాబు చెబుతాను. షామోనీ ఉన్న వెయ్యి మీటర్ల ఎత్తు వల్ల సాధారణంగా ఎవరికీ ఇబ్బంది రాదు. రెండు వేల మీటర్ల దగ్గరి బాల్కనీ దారుల్లో ఆయాసం కొద్దిగా ముందే రావచ్చు, నడక వేగం తగ్గిస్తే సరిపోతుంది. ఆలోచించవలసినది ఎగ్వీ ద్యు మిదీ విషయం. ఊళ్లోంచి దాదాపు 2800 మీటర్ల ఎత్తు తేడాను ఇరవై నిమిషాల్లో దాటించి పైన దింపుతారు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకన్నా తక్కువ. కావలి గాలికి అలవాటు పడిన శరీరానికి సర్దుకునే వ్యవధి ఉండదు. తల తిరగడం, తలనొప్పి, గుండె దడ కలగవచ్చు. మూడేళ్ల లోపు పిల్లలను అక్కడికి అనుమతించరు. రక్తపోటు అదుపులో ఉన్నవారు, గుండె జబ్బు లేనివారు, ఊళ్లో రెండు మూడు రోజులు ఉన్న తరువాత, పైన గంటకు మించకుండా గడిపి దిగేటట్టయితే సాధారణంగా అభ్యంతరం లేదు. అయినా బయలుదేరే ముందు మీ వైద్యుని చేత ఈసీజీ చూపించుకొని, మీరు వెళ్లే ఎత్తు ఎంతో చెప్పి అడగండి. కొన్ని రక్తపోటు మాత్రలు మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి, ఎత్తులో పొడిగాలికి శరీరంలో నీరు త్వరగా తగ్గుతుంది. చలిగా ఉన్నదని నీళ్లు తాగడం మానవద్దు. పైన మెట్లు ఎక్కేటప్పుడు తొందర పడవద్దు. తలనొప్పి మొదలైతే మాత్ర వేసుకొని నిలబడి చూడటం కాదు, వెంటనే కిందికి దిగడమే వైద్యం.

మోకాళ్లకు ఎక్కుడుకన్నా దిగుడు ప్రమాదం. దిగేటప్పుడు శరీరం బరువుకు మించిన భారం కీలు మీద పడుతుంది. రెండు చేతుల్లో రెండు నడక కర్రలు ఉంటే ఆ భారంలో కొంత భుజాలకు మారుతుంది. ఒక్క కర్ర వల్ల అంత మేలు లేదు. కర్రలు అక్కడి దుకాణాల్లో అద్దెకు దొరుకుతాయి. బూట్లు మాత్రం ఇక్కడే కొని, కనీసం నెల రోజులు వేసుకొని తిరగండి. కొత్త బూట్లతో కొండ దిగితే బొటనవేళ్ల గోళ్లు నల్లబడతాయి. మీ ఆవిడగారు ఇప్పటినుంచే రోజూ తొడ కండరాలకు వ్యాయామం చేస్తే, మూడు నెలల్లో తేడా తెలుస్తుంది.

ఎండ సంగతి మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. రోహిణి కార్తె ఎండలు చూసినవాళ్లకు ఆ ఎండ ఒక లెక్కా అనుకోవద్దు. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత పెరుగుతుంది, తాజా మంచు వాటిలో చాలా భాగాన్ని తిరిగి మొహం మీదికే కొడుతుంది. నల్ల కళ్లద్దాలు, టోపీ, ముఖానికి పూత తప్పనిసరి. మాత్రలు ప్రయాణానికి సరిపడినవి, వైద్యుని చీటీలో మందు రసాయన నామంతో సహా, చేతిసంచిలోనే ఉంచుకోండి. చక్కెర వ్యాధి ఉండి ఇన్సులిన్ వాడేవారెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: పైన చలికి ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, కోటు లోపల ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి.

కావలి పంతులు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక్క రోజు యాత్ర ఆలోచన మానుకున్నాము. అమ్మాయికి ఈ జవాబులు చదివి వినిపించాను, సెప్టెంబరుకు ఒప్పుకున్నది. ఇంకొక విషయం అడగాలి. హోమీ భాభా ప్రయాణిస్తున్న విమానం కూలినది మాంట్ బ్లాంక్ మీదనే కదా. ఆయన పేరు తరగతిలో ఎన్నోసార్లు చెప్పినవాడిని కాబట్టి, ఆ చోటును దూరం నుంచైనా చూడగలమా? అలాగే తిండి, వీసా విషయాలు తెలిసినవారు చెప్పగలరు.

వెలుగొండ వాసి (జవాబు):

మాది ఉదయగిరి. ఆ ప్రమాదం గురించి చదివినంత చదివి, షామోనీ వెళ్లినప్పుడు దానికి సంబంధించిన చోట్లన్నీ వెతుక్కుంటూ తిరిగినవాడిని, కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు ఇష్టం.

మాంట్ బ్లాంక్ మీద కూలిన ఎయిర్ ఇండియా విమానాలు ఒకటి కాదు, రెండు. మొదటిది 1950 నవంబరు 3న కూలిన మలబార్ ప్రిన్సెస్. అందులో 48 మంది పోయారు. ప్రయాణికుల్లో ఎక్కువమంది ఓడ ఎక్కడానికి వెళుతున్న నావికులు. రెండవది 1966 జనవరి 24న కూలిన కాంచనజంగ అనే బోయింగ్ 707. బొంబాయి నుంచి ఢిల్లీ, బీరూట్ మీదుగా జెనీవాలో దిగవలసిన ఆ విమానంలో భాభా సహా 117 మంది చనిపోయారు. ఆయన వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికి వెళుతున్నారు. విమానంలో దిశను తెలిపే పరికరాల్లో ఒకటి పనిచేయకపోవడం, కొండకు ఇంకా ఎంత దూరంలో ఉన్నదీ నియంత్రణ కేంద్రం చెప్పిన మాటను పైలట్ వేరుగా గ్రహించి, కొండ దాటేశామనుకొని కిందికి దించడం కారణాలని విచారణలో తేలింది. కుట్ర జరిగిందనే కథలు మన దగ్గర చాలా తిరుగుతుంటాయి, వాటిని బలపరిచే ఆధారమేదీ బయటపడలేదు.

రెండు విమానాలూ శిఖరానికి కొంచెం కిందుగా, తూర్నెత్ రాళ్లు అనే చోటికి దగ్గరలోనే కూలాయి. అక్కడికి పర్వతారోహకులు తప్ప మనం పోలేము. కాని అక్కడి మంచు కదులుతుంది, శకలాలు దానితోపాటు కిందికి వస్తాయి. శిఖరం దగ్గర పడిన మంచు ఏళ్ల తరబడి అణగి, బొస్సోఁ హిమానీనదంగా మారి, నిటారైన వాలు మీద లోయ వైపు జారుతుంది. ఆ వాలు వల్లనే అది మిగతావాటికంటే వేగంగా కదులుతుంది. పైన 1950లలో, 60లలో మింగినవాటిని దశాబ్దాల తరువాత కింద ఒక్కొక్కటిగా అప్పగిస్తున్నది. 2012లో భారత ప్రభుత్వ దౌత్య తపాలా సంచి ఒకటి దొరికింది. 2013లో ఒక పర్వతారోహకుడికి పచ్చలు, నీలాలు, కెంపులు ఉన్న పెట్టె దొరికితే, అతను తీసుకుపోయి పోలీసులకు అప్పగించాడు. వారసుల కోసం ఏళ్లపాటు వెతికి, చివరికి 2021లో అతనికి సగం, షామోనీ పురపాలికకు సగం పంచారు. ఊరి వంతు రాళ్లను అక్కడి స్ఫటికాల మ్యూజియంలో పెట్టారు. 2020లో హిమానీనదం అంచున 1966 జనవరి నాటి మన దినపత్రికలు దొరికాయి, ఇందిరాగాంధీ ప్రధాని అయిన వార్త మొదటి పేజీలో ఉన్నవి.

ఆ పత్రికలు దొరికిన మనిషి సెర్రో అనే విశ్రాంతి గృహాన్ని నడుపుతున్నాడు. అది 1350 మీటర్ల చుట్టుపక్కల ఎత్తులో, బొస్సోఁ హిమానీనదం వైపు, అడవిలో ఉంటుంది. ఇటలీకి పోయే మాంట్ బ్లాంక్ సొరంగం ముఖద్వారం దగ్గరనుంచి నడక మొదలుపెట్టి, దార్ జలపాతం మీదుగా గంట నడిస్తే చేరవచ్చు. ఎక్కుడు మాదిరిగానే ఉంటుంది. మీ ఆవిడగారు జలపాతం దగ్గర కూర్చున్నా బాగుంటుంది. హిమానీనదం పాత అంచులు ఎంతవరకు ఉండేవో, ఇప్పుడు ఎంత పైకి పోయిందో ఆ వైపు నిలబడి చూస్తే ఎవరూ చెప్పనక్కర లేకుండా తెలుస్తుంది. దారిలో ఏదైనా లోహపు ముక్క కనబడితే తాకవద్దు, తీసుకోవద్దు. ఆ ప్రమాదంలో పోయినవారి వస్తువులు, అవశేషాలు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి, అవి పోలీసులకు అప్పగించవలసినవి.

సాంఘిక శాస్త్రం చెప్పినవారు కాబట్టి మోంతన్‌వేర్ రైలు కూడా వదులుకోవద్దని అంటాను. రంపపు పళ్ల వంటి పట్టాను పట్టుకొని ఎక్కే ఆ ఎర్ర రైలు 1909 నుంచి ఊళ్లోంచి 1913 మీటర్ల ఎత్తుకు, ఫ్రాన్సులోకెల్లా పెద్ద హిమానీనదమైన మేర్ ద గ్లాస్ ఒడ్డుకు తీసుకువెళుతున్నది. రైలు దిగిన చోటునుంచి మంచు దగ్గరకు ఒకప్పుడు దాదాపు సమతలమే. ఇప్పుడు హిమానీనదం ఎంతో కిందికి కుంగిపోయింది కాబట్టి రోప్‌వేలో దిగాలి. ఏ ఏట మంచు ఎంత ఎత్తున ఉండేదో తెలిపే పలకలు దారి పక్క బండలకు తగిలించి ఉన్నాయి. మా ఊరి కొండమీద రాళ్లు మారవు, కాలం మారుతుందని పెద్దలు అనేవారు. అక్కడ నిలబడితే రాయి కనబడటమే మంచు పోవడం వల్లనని అర్థమైంది. శిఖరం ఎత్తు కూడా స్థిరం కాదు. రెండేళ్లకొకసారి కొలుస్తారు: 2021లో 4807.81 మీటర్లు, 2023లో 4805.59 మీటర్లు. పైన ఉన్నది రాయి కాదు, మంచు గుట్ట. అది గాలికీ, హిమపాతానికీ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది.

ఊరి నడిబొడ్డున ఒక విగ్రహం ఉంది, దాని ముందు కాసేపు నిలబడండి. జెనీవా శాస్త్రవేత్త సొస్యూర్ 1760లోనే మాంట్ బ్లాంక్ ఎక్కేవారికి బహుమానం ప్రకటించాడు. ఆ ఊరివాళ్లు, స్ఫటికాలు ఏరుకొనే జాక్ బల్మా, వైద్యుడు మిషెల్ పకార్, 1786 ఆగస్టు 8న ఎక్కారు. సొస్యూర్ మర్నాటి ఏడు తానూ ఎక్కాడు. ఆ విగ్రహంలో బల్మా సొస్యూర్‌కు శిఖరాన్ని వేలితో చూపిస్తుంటాడు; వైద్యుడికి అందులో చోటు లేదు, ఆయన విగ్రహాన్ని తరువాత ఎంతో కాలానికి వేరేచోట పెట్టారు. కొండ చూపించి బతికే వృత్తి ఆ ఊళ్లో అప్పుడే వేళ్లూనింది. 1821లో ఏర్పడిన అక్కడి మార్గదర్శకుల సంఘం నేటికీ పనిచేస్తున్నది.

కందుకూరు కోడలు (జవాబు):

తిండి, వీసా విషయాలు నేను చెబుతాను, ఒంగోలు అక్కగారి మాట ఒకదానితో విభేదిస్తాను కూడా.

వీసా షెంజెన్ వీసా, అంటే ఫ్రాన్సు, స్విట్జర్లాండు వంటి చాలా యూరప్ దేశాలకు కలిపి చెల్లేది. ఎక్కువ రోజులు ఫ్రాన్సులోనే ఉంటారు కాబట్టి ఫ్రాన్సుకే దరఖాస్తు చేయాలి; జెనీవాలో దిగినా ఆ వీసాయే చెల్లుతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి. పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. తీసుకునేటప్పుడు కొండదారుల్లో నడకకు అది వర్తిస్తుందో లేదో కాగితం చదివి చూసుకోండి. లియోన్‌లో మీ అమ్మాయి ఇంట్లో ఉంటారు కాబట్టి, ఆతిథ్యం ఇస్తున్నట్టు ధ్రువపత్రం ఆమె అక్కడి పురపాలక కార్యాలయం నుంచి తీసుకొని అసలు ప్రతిని మీకు పంపాలి. దానికి వారాలు పట్టవచ్చు కాబట్టి అన్నిటికన్నా ముందు చేయించవలసినది అదే. నెల్లూరు వైపు నుంచి హైదరాబాదుకన్నా చెన్నై విమానాశ్రయమే మీకు దగ్గర.

షామోనీలో హోటలుకన్నా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. ఆ ప్రాంతపు వంటలు చీజు, బంగాళాదుంపల మీద ఆధారపడినవి. కరిగించిన చీజును ఉడికిన దుంపల మీద పోసుకొనే రాక్లెట్ బాగుంటుంది గాని పక్కన పంది మాంసపు ముక్కలు పెడతారు, వద్దని ముందే చెప్పాలి. తార్తిఫ్లెత్ అనే వంటలో మాంసపు ముక్కలు కలిపే వండుతారు. చీజు ముద్దలో రొట్టె ముంచుకొనే ఫోందులో మద్యం పోస్తారు. చాలా చీజులను దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు కాబట్టి, మీ ఆచారం కఠినమైతే అదీ తెలిసి ఉండాలి. బియ్యం, కందిపప్పు, పెరుగు, కూరగాయలు ఊళ్లో దొరుకుతాయి. కరెంటు మనలాగే 230 వోల్టులు, చిన్న రైస్ కుక్కరు తీసుకుపోవచ్చు. మన మూడు కాళ్ల ప్లగ్గు మాత్రం అక్కడ దూరదు, అడాప్టరు కావాలి. ఆవకాయ, కందిపొడి, చింతపండు పట్టుకుపోండి. నెయ్యి మాత్రం పెట్టెలో పెట్టవద్దు: బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురావడాన్ని యూరప్ నిషేధించింది. అక్కడ వెన్న దొరుకుతుంది, కాచుకుంటే సరి. కొళాయి నీళ్లు తాగవచ్చు.

బస దిగిన చోట అతిథి కార్డు అని ఒకటి ఇస్తారు, అడిగి తీసుకోండి. సెర్వో నుంచి వాలోర్సిన్ దాకా లోయలో తిరిగే బస్సులూ, రైలూ దానితో ఉచితం. కొట్లో అడుగుపెట్టగానే ముందు బోంజూర్ అనాలి. ఆ పలకరింపు లేకుండా సరుకు అడిగితే మర్యాద తెలియనివారి కింద లెక్క. ఆపైన ఇంగ్లీషులో మాట్లాడినా ఆ ఊళ్లో ఇబ్బంది లేదు.

ఏ దారికి బయలుదేరినా ముందు చర్చి దగ్గర ఉన్న పర్వత భవనంలో అడగండి. ఆనాటి వాతావరణం, ఏ దారిలో మంచు ఉన్నదీ, ఏది మూసి ఉన్నదీ వాళ్లు చెబుతారు. దారి గుర్తుల మీద దూరం కాక నడక సమయం రాసి ఉంటుంది. అది అలవాటున్నవారి సమయం, మనం ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. ఆపద వస్తే 112కు ఫోను చేయాలి. ఫ్రాన్సు వైపు కొండల్లో పోలీసు రక్షక దళం హెలికాప్టరులో తీసుకువచ్చినందుకు సాధారణంగా డబ్బు అడగరు, ఆసుపత్రి ఖర్చు మాత్రం మనదే. సరిహద్దు దాటి స్విట్జర్లాండులోకి నడిస్తే అక్కడ రక్షణకు కూడా బిల్లు వస్తుంది.

ఇక విభేదం. ఎగ్వీ ద్యు మిదీ లేకపోయినా లోటు లేదన్న అక్కగారి మాట నేను ఒప్పుకోను. 1955లో అంత ఎత్తున, ఆ సూది కొన మీద రోప్‌వే కట్టినవారి తెగువ చూడటానికైనా పోవాలి. నడవలేనివారికి, మోకాళ్లు సహకరించనివారికి నాలుగు వేల మీటర్ల లోకాన్ని చూపించే దారి అదొక్కటే. టికెట్టు 70 యూరోలు దాటుతుంది, నిజమే. కాని రోజుల లెక్కన అన్ని రోప్‌వేలకూ, మోంతన్‌వేర్ రైలుకూ కలిపి ఇచ్చే పాసు కొంటే అది గిట్టుబాటవుతుంది. తేట రోజున మొదటి కేబుల్ కారుకు సమయం రిజర్వు చేసుకుంటే తోపులాట ఉండదు. కింద ఇరవై డిగ్రీలు ఉన్నా పైన సున్నాకు దిగువ ఉండవచ్చు, స్వెట్టరు మీద గాలి చొరని కోటు వేసుకోవాలి.

ఒంగోలు బాటసారి:

అమ్మా, నడవలేనివారి విషయంలో నీ మాట ఒప్పుకుంటాను. పంతులు గారు నడవగలరు కాబట్టి అలా అన్నాను. ఇద్దరి మాటా నెగ్గేటట్టు ఒక ఉపాయం ఉంది. ఆ రోప్‌వే నడుమ మజిలీ 2317 మీటర్ల ఎత్తున ఉన్న ప్లాన్ ద లెగ్వీ. పైదాకా వెళ్లి, పదిన్నర లోపు దిగుతూ అక్కడ ఆగి, ఉత్తరపు పెద్ద బాల్కనీ దారి వెంట మోంతన్‌వేర్‌కు నడిచి, రైల్లో ఊరికి చేరవచ్చు. బోర్డు మీద రెండున్నర గంటలని ఉన్నా నాలుగు గంటలు అనుకోండి. మబ్బు పట్టే వేళకు రైలు దగ్గర ఉంటారు. దారి మొత్తం మీద నాలుగు వందల మీటర్లు దిగుడే. అందువల్ల పంతులు గారు అమ్మాయితో కలిసి ఆ దారి నడుస్తూ, ఆవిడగారిని రోప్‌వేలోనే ఊళ్లోకి దించి, అక్కడినుంచి రైల్లో మోంతన్‌వేర్‌కు ఎదురు రమ్మనడం మేలు. స్టేషను పక్కనున్న పాత రాతి హోటల్లో టీ దొరుకుతుంది, ముందు చేరినవారు అక్కడ కూర్చోవచ్చు.

కావలి పంతులు:

మా ఆవిడకు ఈ ఏర్పాటు నచ్చింది. రైల్లో తానే ముందు చేరుతానని అంటున్నది. ధ్రువపత్రం కోసం దరఖాస్తు పెట్టమని అమ్మాయికి ఈ రాత్రే చెబుతాను.